అమ్మకు కుర్చీ వేసిన మ్యూజియం

ముందు లెక్క చెప్తాను, కోపం సంగతి తర్వాత. లండన్‌లో ఒక ప్రైవేటు ఆర్ట్ గ్యాలరీకి మనిషికి 18 పౌండ్లు, ముగ్గురికి 54. స్కాట్లాండ్‌లో మా తమ్ముడుండే గ్లాస్గోలో కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంకి ముగ్గురికీ కలిపి సున్నా. 54 పౌండ్లు కట్టిన చోట మా అమ్మని దొంగని చూసినట్టు చూశారు. పైసా కట్టని చోట కుర్చీ తెచ్చి వేశారు.

అమ్మకి 71 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులే. నేత చీర, దాని మీద తమ్ముడు కొనిచ్చిన స్వెటరు, కాళ్ళకి స్పోర్ట్స్ షూలు, చేతిలో గుడ్డ సంచి. సంచిలో నీళ్ళ సీసా, బీపీ మాత్రలు, మఫ్లర్. గ్యాలరీ గుమ్మంలోనే సంచి తెరిపించి సీసా తీసి పక్కన పెట్టారు. సరే, రూల్ రూలే అనుకున్నాం. కానీ మా వెనకే వచ్చిన ఇద్దరమ్మాయిల వీపు సంచులు ఎవరూ తెరవమనలేదు. అక్కడి నుంచి నల్ల కోటు మనిషొకడు మా వెంటే గది గదికీ తిరిగాడు. మా ఆయన ఆగితే ఆగుతాడు, నేను కదిలితే కదులుతాడు.

గోడల మీద బొమ్మలున్నాయి, పక్కన చీమల్లాంటి అక్షరాలతో అట్టలున్నాయి. నేను హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను, 19 ఏళ్ళ సర్వీసు. ఆ అట్టల మీద రాసింది నాకే సగం అర్థం కాలేదు. "ఇదేంటే?" అని అమ్మ మూడుసార్లు అడిగింది. నేను నసిగాను. నాలుగోసారి అడగలేదు. ఐదు గదుల్లో ఒక్క బెంచీ లేదు. కాళ్ళు లాగి అమ్మ కిటికీ అంచుకి కాస్త ఆనుకుంటే నల్ల కోటు వచ్చి ఆనుకోవద్దన్నాడు. బాత్రూమ్ ఎక్కడని అడిగితే కిందకి 22 మెట్లు చూపించాడు. లిఫ్టు స్టాఫ్‌కి మాత్రమేనట. అప్పుడు అమ్మ, "మీరు చూసి రండి, నేను బయట కూర్చుంటాలే" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. డబ్బులు కట్టి లోపలికొచ్చిన మనిషి, ఇది నాలాంటి వాళ్ళ చోటు కాదని తనంతట తానే బయటికి వెళ్ళిపోయింది.

మర్నాడు బ్రిటిష్ మ్యూజియంలో, 33ఎ గదిలో అమరావతి శిల్పాలు చూశాం. అక్కడ టికెట్ లేదు. "మన జిల్లా రాళ్ళు మనకి ఊరికే చూపిస్తున్నారు, గొప్పే" అన్నారు మా ఆయన. గ్యాలరీ డబ్బుల మంట ఆయనకింకా చల్లారలేదు మరి. ఈ దేశంలో జాతీయ మ్యూజియంలు కొన్ని మధ్యలో టికెట్ పెట్టినా, 2001 డిసెంబరు నుంచి మామూలు ప్రవేశానికి మళ్ళీ డబ్బులు తీసుకోవడం మానేశాయి. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం టికెట్ ఉంటుంది, చూసుకోండి. గ్లాస్గోకి రైలు టికెట్లు ముందే తీసుకుంటే ముగ్గురికీ 141 పౌండ్లయింది. దారంతా నిద్రపోయాం.

కెల్విన్‌గ్రోవ్ అంటే ఎర్రరాయితో కట్టిన కోట లాంటిది, 1901 నాటిది. తమ్ముడికి డ్యూటీ ఉండి, వాళ్ళ ఇంట్లో ఒక గదిలో అద్దెకుండే హైదరాబాద్ కుర్రాణ్ణి తోడు పంపాడు. చదువైపోయింది, ఉద్యోగం దొరికేదాకా ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. రెండేళ్ళుగా రోజూ ఆ భవనం ముందు నుంచే సైకిల్ తొక్కుతున్నాడట. లోపలికి అడుగు పెట్టగానే అటూ ఇటూ చూసి "అక్కా, టికెట్ ఎక్కడ తీస్కోవాలె?" అన్నాడు. ఊరికేనని చెప్తే ముఖం చూడాలి. "ఇన్నాళ్ళూ పెద్దోళ్ళదేమో అనుకున్న" అన్నాడు. ఊరికే పెట్టినా, ఊరికేనని ఆ కుర్రాడికి చెప్పినవాళ్ళు రెండేళ్ళలో ఒక్కరు లేరు. గుమ్మం చూసే వెనక్కి పోయేవాళ్ళు ఇంకెంతమందో!

లోపల మేం మొదట చూసింది హాల్లో చచ్చాక భద్రపరిచి నిలబెట్టిన ఏనుగు. సర్ రోజర్ అని పేరు. ఊరూరూ తిప్పి చూపించిన ఆసియా ఏనుగు. మదమెక్కితే 1900లో పొద్దున మేత మేస్తుండగా కాల్చేశారట. అమ్మ దాని ముందు ఆగి "తింటున్నదాన్ని కొట్టారా!" అంది. పక్కన నిలబడ్డ మ్యూజియం ఉద్యోగి, యాభై ఏళ్ళావిడ, అమ్మ ఏమందని నన్ను అడిగింది. చెప్తే ఆవిడ కూడా తల పట్టుకుంది. ఇద్దరికీ భాష రాదు, కానీ ఐదు నిమిషాలు ఏనుగు గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఆవిడ అమ్మ మోకాళ్ళ వైపు చూసి, లోపలికెళ్ళి మడత కుర్చీ తెచ్చింది. "దీన్ని వెంట తిప్పుకోండి, వెళ్ళేటప్పుడు ఇచ్చేయండి" అంది. ఆ కుర్చీ మా ఆయన భుజానికెక్కింది. లిఫ్టెక్కి రెండంతస్తులూ తిరిగాం.

ఒంటిగంటకి ఆర్గాన్ వాయించారు. పెద్ద పైపుల వాద్యం, నేల దాకా అదురుతుంది. పన్నెండున్నరకే వెళ్ళి బెంచీలు పట్టుకోండి, లేకపోతే నిలబడాలి. ఇంకో హాల్లో పైనుంచి బొమ్మ తలకాయలు వేలాడుతుంటాయి. ఒకటి నవ్వుతుంటుంది, ఒకటి ఏడుస్తుంటుంది. అమ్మ వాటిలో మా పెదనాన్నని గుర్తుపట్టింది. 2006లో బాగుచేసి తెరిచినప్పుడు కాలం ప్రకారం కాకుండా కథల ప్రకారం సర్దారు. అట్టల మీద నాలుగు ముక్కలు తేలిక ఇంగ్లిష్‌లో ఉంటాయి. నేను చదివి తెలుగులో చెప్తుంటే అమ్మ మళ్ళీ ఇదేంటి, అదేంటి అని అడగడం మొదలుపెట్టింది. డాలీ అనే స్పెయిన్ చిత్రకారుడు గీసిన ఏసుక్రీస్తు శిలువ బొమ్మని 1952లో 8,200 పౌండ్లకి కొంటే ఆర్ట్ స్కూల్ పిల్లలే అంత డబ్బెందుకని గొడవ చేశారు. 1961లో ఒకడు చింపేశాడు కూడా. అతుకేసి పెట్టారు. మా ఆయన ఆ అతుకు వెతుకుతూ పావుగంట గడిపారు.

మన కుర్రాడు ఫోన్‌లో చూసి ఒక సంగతి పట్టుకొచ్చాడు. నిజాం సంపదలోంచి 1905లో కాజేసిన ఒక కత్తి చివరికి గ్లాస్గో మ్యూజియంల చేతికొచ్చిందట. దాన్ని ఇండియాకి తిరిగిచ్చేస్తామని 2022 ఆగస్టులో సంతకాలు పెట్టింది ఈ భవనంలోనేనట. "అంటే మనోళ్ళకి ఇక్కడ పనుందన్నట్టు" అని కాలరెగరేశాడు.

గ్లాస్గోలోనే అన్ని మతాల వస్తువులూ పెట్టిన సెయింట్ ముంగో మ్యూజియంలో నటరాజ విగ్రహం చూడండి. 1996లో ఒక మతపిచ్చివాడు దాన్ని పడగొట్టాడు. మళ్ళీ నిలబెట్టారు. అమ్మ షూలు విప్పి దణ్ణం పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనలేదు.

ఇక అసలు విషయం మ్యూజియంలో కాదు, తమ్ముడి వంటింట్లో తెలిసింది. మా మరదలు వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. "వదినా, మా ముసలాళ్ళు మ్యూజియంకి పోలేరు, మ్యూజియమే మా దగ్గరికొస్తుంది" అంది. గ్లాస్గో మ్యూజియంల వాళ్ళకి ఓపెన్ మ్యూజియం అని ఒక విభాగం ఉంది, 1990 నుంచి. పాత వస్తువులు పెట్టెల్లో సర్ది ఆసుపత్రులకి, జైళ్ళకి, వృద్ధాశ్రమాలకి పంపుతారు. అద్దాల వెనక పెట్టి చూపించడం కాదు, చేతికే ఇస్తారు. ఒకసారి అలాంటి పెట్టెలో పాతకాలం ఇనప ఇస్త్రీ పెట్టె వచ్చిందట. నెలల తరబడి పలకని ఒకావిడ దాన్ని అందుకుని, వేలు నాలిక మీద తడుపుకుని, అడుగున చురుక్కున తాకించి చూసిందట, వేడెక్కిందా లేదా అని. మరదలు ఇది చెప్తుండగానే అమ్మ కూర తరగడం ఆపి, తన వేలు తడుపుకుని గాల్లో అదే పని చేసి చూపించింది. ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది.

అన్నీ బాగున్నాయని చెప్పను. 1898లో ఊరి తూర్పు వైపు కూలి జనం కోసమే కట్టిన పీపుల్స్ ప్యాలెస్ మ్యూజియంకి వెళ్తే మరమ్మతులకని మూసేసి ఉంది. ముందు చూసుకోవద్దా అని తమ్ముడి మీద అరిచాను, టాక్సీకి 11 పౌండ్లు దండగ. కెల్విన్‌గ్రోవ్‌లో ప్రవేశం ఊరికేనేగానీ మూడు టీలు, రెండు కేకులకి 14.60 పడింది. చేతిలో డబ్బాడనివాళ్ళు పిల్లల్ని తీసుకొస్తే ఆ కేకుల అద్దం ముందు నుంచి ఎలా లాక్కెళ్ళాలో నాకైతే తెలియదు. ఇంటి నుంచి ఏదైనా కట్టుకుని వెళ్ళండి, బయట పార్కులో కూర్చుని తినొచ్చు.

మేం వచ్చేశాక కుర్రాడు అమ్మకి ఏనుగు ఫోటో ఒకటి పంపాడు. ఆర్డర్లు లేనప్పుడు చలికి అక్కడికే వెళ్ళి కూర్చుంటున్నాడట.

లండన్ గ్యాలరీకి మాత్రం ఒక పేజీ ఉత్తరం రాశాను. బెంచీలు, బాత్రూమ్, నల్ల కోటు, ఏదీ వదల్లేదు. పన్నెండు రోజులకి జవాబొచ్చింది. చింతిస్తున్నారట. మళ్ళీ వస్తే టికెట్ మీద పది శాతం తగ్గిస్తారట, మూడు నెలల్లోపు వాడుకోవాలట. అమ్మకి చదివి వినిపించాను. "లిఫ్టు గురించి ఏమన్నా రాశారా?" అని అడిగింది. రాయలేదు.