గాలన్ల కాలపు గాజు పంపు, ఆటోనగర్ మేస్త్రిగారి పనితనం

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలకు లేత్ పని చేసే ఒక చిన్న షాపులో, మా కుటుంబానికి వారసత్వంగా వచ్చిన చేతి పెట్రోలు పంపును బాగుచేయించాము. పని పూర్తయి పంపు గుంటూరులోని మా ఇంటికి చేరింది కనుక, ఇటువంటి పాత యంత్రాలు ఇళ్లలో పడి ఉన్నవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. తన వ్యాపారం లారీలదేననీ, పాత సామాన్లతో జనం వరుస కడితే అందుకోలేననీ చెప్పి యజమాని తన పేరు, షాపు పేరు రాయవద్దని కోరారు. అందువల్ల ఆయనను మేస్త్రిగారు అనే ప్రస్తావిస్తాను. నా తీర్పు ముందే చెబుతున్నాను: వస్తువును గుర్తించడంలో, బాగుచేయడంలో పూర్తి మార్కులు ఇవ్వవచ్చు, చెప్పిన గడువుకు పని ముగించడంలో సగం మార్కులు కూడా కష్టం, ఖర్చు లెక్క ముందుగా కాగితం మీద పెట్టడంలో మాత్రం సున్నా.

పంపు గురించి కొంత చెప్పాలి. మా తాతగారు గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే దారిలో చిన్న పెట్రోలు బంకు నడిపేవారు. బంకు మూతపడిన తరువాత పంపు మా గొడ్ల చావిడిలో ఒక మూలకు చేరి, ఎవరో అందుబాటులో ఉన్న నీలం ఎనామిల్ పూయగా, ఆ రంగుతోనే దశాబ్దాలు నిలిచింది. పోత ఇనుప పీఠం, దాని మీద రేకు తలుపులున్న పెట్టె, పక్కన ముందుకూ వెనక్కూ లాగే పొడవాటి పిడి, అన్నిటికన్నా పైన నిలువు గాజు గొట్టం ఉంటాయి. పిడి లాగితే నేలలోని ట్యాంకు నుంచి పెట్రోలు పైకి ఎక్కి గాజులో నిండుతుంది; ఒక మట్టం దాటినది పొర్లు గొట్టం ద్వారా తిరిగి ట్యాంకులోకి పోతుంది; ఆ తరువాత కవాటం తెరిస్తే గాజులోని పెట్రోలు తన బరువుతోనే రబ్బరు గొట్టం గుండా బండిలోకి దిగుతుంది. కరెంటు అవసరం లేదు, తిరిగే అంకెలు లేవు, కొనేవాడు తన కళ్లతో కొలత చూసుకుంటాడు. అమెరికాలోని ఫోర్ట్ వేన్‌లో సిల్వేనస్ బౌజర్ 1885లో కిరాణా దుకాణాల కిరోసిన్ కోసం పంపును తయారుచేసిన తరువాత మోటారు బండ్ల కోసం వచ్చిన రకాలలో ఈ గాజు పంపులకు ఆదరణ దక్కడానికి కారణం, లోపల ఏం జరుగుతున్నదో కనిపించని పంపు మీద జనానికి ఉన్న అనుమానమే. అక్కడ 1930లలో లెక్క కట్టే పంపులు వచ్చి వీటిని తప్పించాయి. కరెంటు ఆలస్యంగా అందిన మన పల్లె రోడ్ల మీద ఇవి ఇంకా చాలా కాలం పనిచేశాయి.

ఈ పంపు అమెరికాదనీ, ఒకనాటి చమురు కంపెనీ బర్మా షెల్ ఇచ్చినదనీ మా ఇంట్లో అందరూ చెప్పుకునేవారు. మా పెదనాన్నగారికి ఆ రెండింటిలోనూ ఏ సందేహమూ లేదు. గుంటూరులో మొదట అడిగిన పెయింట్ షాపువారు పసుపు, ఎరుపు రంగులు కొట్టి, పైన షెల్ చిప్ప బొమ్మ ఉన్న కొత్త గ్లోబు (పంపు తల మీద ఉండే గోళం) అమర్చి ఇస్తామనీ, పంపు అద్దంలా మెరుస్తుందనీ హామీ ఇచ్చారు. ధర కూడా తక్కువే. ఆటోనగర్ మేస్త్రిగారు మాత్రం రంగు మాట ఎత్తలేదు. పంపు ఏ దేశానిదో, ఎప్పటిదో, చివరిసారి ఎలా పనిచేసిందో తేలిన తరువాతే పనిముట్టు పట్టుకుంటానని చెప్పారు. ఈ షాపును సిఫార్సు చేయడానికి నాకు ఆ ఒక్క మాటే చాలు.

ఆయన మొదట చూసినది బోల్టు మీది మరల మధ్య దూరాన్ని. పీఠానికి బిగించిన అర అంగుళం బోల్టులను ఊడదీసి గేజి పెడితే అంగుళానికి పన్నెండు మరలు వచ్చాయి. మరల కోణం 55 డిగ్రీలు. అమెరికన్ కొలతల్లో ఇదే బోల్టుకు పదమూడు మరలు, కోణం 60 డిగ్రీలు ఉంటాయి. లోపలి పైపుల జాయింట్లు కూడా బ్రిటిష్ పద్ధతివే. బోల్టులు తరువాత మార్చి ఉండవచ్చు కదా అని నేను అడిగినప్పుడు, బోల్టు మారుతుంది గాని పోతలో కోసిన మర మారదని పీఠంలోని రంధ్రాన్నే చూపించారు. రెండవ పరీక్ష గాజు లోపలి పట్టీ మీద ఉన్న గాలన్ గుర్తులకు జరిగింది. ఒక గుర్తు నుంచి తరువాతి గుర్తు వరకు కొలపాత్రతో నీళ్లు పోస్తే నాలుగున్నర లీటర్లు పట్టాయి. అమెరికన్ గాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గాలన్ 4.546 లీటర్లు. దీనితో అమెరికా కథ ముగిసింది. కంపెనీ పేరు చెప్పే పలక ఏనాడో ఊడిపోయి రివెట్ల రంధ్రాలు మాత్రమే మిగిలాయి. అటువంటి పలకను ఇత్తడిలో చెక్కి పెట్టించే వీలుందా అని మా తమ్ముడు అడిగితే, "లేనిదాన్ని ఉన్నట్టు చూపించే పని నేను చేయనండీ" అని మేస్త్రిగారు నవ్వుతూనే తోసిపుచ్చారు.

తలుపు లోపలి వైపు, నూనె మరకల కింద, చేత్తో రాసిన ధరల పట్టిక ఒకటి బయటపడింది. అందులో రూపాయలు, అణాలు, పైసల గళ్లు ఉన్నాయి. 1957 ఏప్రిల్ 1న అణాల లెక్క స్థానంలో నయా పైసలు వచ్చాయి కనుక పట్టిక అంతకు ముందుదే. ఇంతకన్నా ఆసక్తికరమైనది పొర్లు గొట్టం. దాని పై అంచు రంపంతో కోసి, చిన్న కాలరు పెట్టి ఇత్తడితో అతికినట్టు ఉంది. దానిని ఎవరో పాడుచేశారని నేను అనుకోగా, మేస్త్రిగారు ఆ అంచు వరకు నీళ్లు పోసి కొలిచారు: సరిగ్గా 20 లీటర్లు. ఐదు గాలన్లంటే 22.73 లీటర్లు. 1956 చట్టంతో మొదలైన మెట్రిక్ కొలతలు పెట్రోలు అమ్మకానికి కూడా వచ్చినప్పుడు, కొత్త పంపు కొనకుండా గొట్టం పొట్టిచేసి గాలన్ల పంపును లీటర్ల పంపుగా మార్చారన్నమాట. పట్టీ రెండవ వైపున చిన్న బ్రష్‌తో రాసిన లీటర్ల గుర్తులు అప్పుడు గాని మాకు కనబడలేదు. కారుకు పెట్రోలు పోయించుకుంటూ ఏ రోజూ ఆలోచించని ఒక మార్పు, గ్రామాల దాకా వచ్చి ఒక రంపపు కోతగా ఎలా అమలైందో ఈ గొట్టం చెబుతుంది.

చివరిది రంగు. తలుపు మీద కనబడని మూలలో, రూపాయి బిళ్లంత మేర, తడి ఎమరీ కాగితంతో పొర తరువాత పొర అరగదీస్తూ వెళ్లారు. పాత రంగుల్లో సీసం ఉంటుంది గనుక పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరిలోకి పోతుందని తడిపి మాత్రమే రుద్దించారు. పనివాళ్లకు మాస్కులు తప్పనిసరి చేశారు. నీలం కింద తెలుపు, తెలుపు కింద ఎరుపు, దాని కింద అడుగు పూత ఉన్నాయి. తెలుపు పొర మీద నీలం అండాకారం, అందులో ఎర్ర అక్షరాల ఛాయ కనిపించాయి. అది ఎస్సో అనే విదేశీ చమురు కంపెనీ గుర్తు. స్టాండర్డ్ వాక్యూమ్ అనే చమురు కంపెనీ వ్యాపారం మన దేశంలో ఎస్సో చేతికి వచ్చింది 1962లో. ఎస్సోను ప్రభుత్వం స్వాధీనం చేసుకొని హిందుస్థాన్ పెట్రోలియంగా మార్చింది 1974లో. తెలుపు రంగు ఆ మధ్య కాలానిదే. కింది ఎరుపు మీద ఏ గుర్తూ లేదు. బర్మా షెల్ ఆనవాలు ఎక్కడా దొరకలేదు. పెదనాన్నగారు దీనిని ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఒప్పుకుంటారన్న ఆశ మాకూ లేదు.

ఏ కాలపు రూపం ఇవ్వాలన్నది అసలైన ప్రశ్న. గాలన్ల రూపానికి తేవాలంటే గొట్టం మళ్లీ పొడవు చేయాలి, ఎస్సో పొర గీకివేయాలి. చివరిసారి పెట్రోలు పోసిన నాటి రూపాన్నే నిలపాలని మేస్త్రిగారు వాదించారు, అందరమూ కాకపోయినా నేను ఒప్పుకున్నాను. ఇంటి నీలాన్ని బ్లేడుతోనూ, సన్నని తడి కాగితంతోనూ ఓపికగా తీయించి, తెల్ల పొరను నిలిపి, పూర్తిగా పోయినచోట మాత్రమే దానికి సరిపోయే తెలుపు అద్దించి, పైన మెరుపు లేని పారదర్శక లక్క పూశారు. ఇసుకతో కొట్టించే పద్ధతికి ఆయన ససేమిరా అన్నారు. పలుచని రేకు ఆ దెబ్బకు వంకరపోతుందని, దానితో పాటు రంగు చరిత్ర అంతా పోతుందని కారణం చెప్పారు. రేకు సొట్టలు టింకరింగ్ మేస్త్రి లోపలి నుంచి తట్టి సరిచేశారు. పుట్టీ చాలా తక్కువ చోట్ల వాడారు.

యంత్రం పనిలో ఆయన జాగ్రత్త నాకు మరింత నచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఖాళీగా ఉన్న పంపులో ప్రమాదం ఏముంటుందని అనుకుంటాము. గాలిలో 1.4 శాతం పెట్రోలు ఆవిరి చేరితే నిప్పు అంటుకోవడానికి చాలు. పైగా అది గాలికన్నా బరువు కనుక గొట్టాల అడుగున, మురికి కింద దాక్కొని ఉంటుంది. అందుకే లోపలి భాగాలన్నీ నీటి ఆవిరితో కడిగించి, వీలైన చోట నీళ్లు నింపి ఉంచిన తరువాతే మంటను దగ్గరకు రానిచ్చారు. పీఠంలోని పగులుకు ఆర్క్ వెల్డింగ్ చేయలేదు. పోత ఇనుము ఒక్కసారి వేడెక్కి చల్లబడితే అతుకు పక్కనే గట్టిపడి మళ్లీ చిట్లుతుంది గనుక, పీఠాన్ని నెమ్మదిగా వేడిచేసి కంచు కడ్డీతో అతికి, బూడిదలో చల్లారనిచ్చారు. పిస్టన్‌లోని తోలు వాషర్లు ఎండి బెరడులా ఉన్నాయి. కొత్తవి అచ్చులో ఒత్తి ఆముదంలో నానబెట్టి వేశారు. గాజు అంచు ఒకచోట పెచ్చు లేచినా, ఆ భాగం కార్కు గాస్కెట్ కిందికి పోయేటట్టు తిప్పి బిగించారు. యాక్రిలిక్ గొట్టం వేద్దామన్న ప్రతిపాదన ఒక దశలో వచ్చింది గాని, ఆయనే దాన్ని విరమించుకున్నారు.

ఇక లోపాలు. ఇత్తడి నాజిల్‌ను బయటి పాలిష్ షాపుకు ఇచ్చారు. బఫింగ్ (యంత్రంతో మెరుగు పెట్టడం) చేయవద్దు, మట్టి మాత్రం తుడవండి అని చెప్పి పంపినప్పటికీ, వాళ్లు దాన్ని పూజ గదిలో పెట్టుకునేంతగా మెరిపించారు. అంచు మీద పోతలో వచ్చిన అక్షరాలు సగం అరిగిపోయాయి. మేస్త్రిగారు ఆ షాపు మీద నెపం వేయకుండా ఆ పని డబ్బు తగ్గించారు, కాని పోయిన అక్షరాలు రావు. చెప్పిన గడువు వారాల్లో కాదు, నెలల్లో దాటింది. ఎండాకాలంలో లారీల పని పెరిగితే మన పంపు వెనుక గోడకు చేరుతుంది. ఖర్చు లక్ష రూపాయలకు కొంత పైన తేలింది, చేసిన పనిని చూస్తే అది ఎక్కువ కాదు. అయితే ముందు నోటితో చెప్పిన అంకెకు, చివరిదానికి చాలా తేడా ఉంది, మధ్యలో ఏది ఎందుకు పెరిగిందో రాసిన కాగితం లేదు. అడగగా అడగగా బిల్లు ఇచ్చారు. ప్రతి దశలో ఫొటోలు తీసి పంపడం మాత్రం వాళ్లే అలవాటుగా చేశారు, పొర్లు గొట్టం కోత ఫొటో ఆ విధంగానే దక్కింది.

రవాణా బాధ్యత మనదే. గాజును ముందే ఊడదీసి, దుప్పట్లలో చుట్టి కారులో వేరుగా తెచ్చాము. పంపును చిన్న ట్రక్కులో పడుకోబెట్టి కనకదుర్గ వారధి మీదుగా గుంటూరుకు చేర్చాము. ఇంటి దగ్గర బిగించడానికి షాపు మనిషి ఒకరు వచ్చారు, దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు. పంపులో పెట్రోలు ఎన్నడూ పోయవద్దనీ, పిల్లలకు చూపించాలంటే రంగు నీళ్లతో ఒకసారి నడిపి, వెంటనే ఖాళీ చేసి కవాటాలు తెరిచి ఆరనివ్వాలనీ, తోలు వాషర్లకు ఏడాదికి ఒకసారి ఆముదం తగలాలనీ ఆ మనిషి చెప్పి వెళ్లారు. మీరు ఇటువంటి పని అప్పగించదలిస్తే, ఖర్చు లెక్క మొదటి రోజే రాయించుకోండి. ఇత్తడి సామాను ఏదీ ఆ షాపు గడప దాటి బయటికి పోకూడదని అదే కాగితంలో చేర్పించండి.