పసిపిల్లలున్న వంటింట్లో ఇండక్షన్ స్టవ్: ఏడాది వాడిన తర్వాత

మా అబ్బాయికి రెండేళ్లు నిండేసరికే స్టూలు ఈడ్చుకొచ్చి వంటగట్టు అందుకోవడం అలవాటైంది. ఒకనాడు గ్యాస్ స్టవ్ నాబ్ తిప్పబోతూ కంటబడడంతో, చైల్డ్ లాక్ ఉన్న ఇండక్షన్ స్టవ్ కొన్నాము. ఏడాదిగా వంటంతా దాని మీదే.

లాక్ బాగా పనిచేస్తుంది. తాళం గుర్తును మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే, స్టవ్ ఆపే బటన్ తప్ప తక్కినవేవీ స్పందించవు. వాడు రెండు అరచేతులతో ప్యానెలంతా తడిమినా స్టవ్ ఆన్ కాలేదు. గిన్నె దించగానే దానంతట అదే ఆగిపోతుంది. మంట లేదు కనుక దుస్తులకు నిప్పంటుకునే భయమూ తగ్గింది.

నన్ను కలవరపెట్టినది గాజు పలక. ఇండక్షన్‌లో పైభాగం చల్లగానే ఉంటుందని చాలామంది నమ్ముతారు, కొనకముందు నేనూ నమ్మాను. కానీ అయస్కాంత క్షేత్రం వల్ల వేడెక్కిన గిన్నె అడుగు నుంచి ఆ వేడి గాజుకు ఎక్కుతుంది, స్టవ్ ఆపినా వెంటనే పోదు. వేడి ఇంకా ఉందని తెలిపే ‘హెచ్’ అక్షరం వెలుగుతుంది గానీ, చదవడం రాని పిల్లవాడికి దానితో ఏం తెలుస్తుంది? గ్యాస్ మంటను చూసి జంకే మా వాడు, నున్నగా మెరిసే ఆ నల్లటి గాజు మీద వేలితో గీతలు గీయబోయాడు. అదృష్టవశాత్తు చెయ్యి ఆనకముందే పట్టుకున్నాను. అప్పటి నుంచి, వంట ముగిసినా ఆ అక్షరం ఆరి, గాజు చల్లారేవరకు వంటింటి గుమ్మానికి బిగించిన చిన్న గేటు తీయడం లేదు.

వైరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. అది గట్టు అంచు నుంచి వేలాడితే, పిల్లలు లాగినప్పుడు మరిగే నీళ్ల గిన్నెతో సహా స్టవ్ వాళ్ల మీద పడవచ్చు. అరవై డిగ్రీల నీళ్లు చాలు, లేత చర్మం కొన్ని సెకన్లలోనే లోతుగా కాలుతుంది. అందుకే స్టవ్‌ను గోడవైపుకు జరిపి, వైరును వెనుక క్లిప్పులతో బిగించాము. గిన్నెల పిడులు కూడా లోపలి వైపుకే తిప్పి పెడుతున్నాము.

ఒక లోపాన్ని మాత్రం క్షమించలేకపోతున్నాను. గోడ స్విచ్ ఆపి మళ్లీ వేస్తే లాక్ దానంతట అదే తొలగిపోతుంది, ఆ సంగతి మాన్యువల్‌లో ఎక్కడా లేదు. పిల్లల కోసమే ఇలాంటి స్టవ్ కొనేవారు దుకాణంలోనే లాక్ వేయించి, ప్లగ్ తీసి మళ్లీ పెట్టించి, లాక్ నిలిచిందో లేదో చూసుకున్నాకే డబ్బు చెల్లించండి.