ఆదివారం పుస్తకాల లింకులు: మా పాఠకుల గ్రూపులో కొనుగోళ్లపై సమీక్ష

తెలుగు కథలు, నవలలు చదివేవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకదానిలో నేను సభ్యురాలిని. చిన్న ప్రచురణకర్తలు, సొంతంగా పుస్తకం వేసుకున్న రచయితలు ఆదివారం ఒక్కరోజు తమ పుస్తకాల లింకులు, ఫోన్ నంబర్లు పెట్టుకోవచ్చని అడ్మిన్లు అనుమతి ఇచ్చారు. మిగతా రోజుల్లో చదివిన వాటి గురించే మాటలు. ఈమధ్య ఆదివారం పోస్టులు కూడా ఆపేయాలని కొందరు గట్టిగా అడుగుతున్నారు. ఆ పోస్టులు చూసే పుస్తకాలు కొంటున్నాను కాబట్టి నా అనుభవం రాస్తున్నాను. ఆపొద్దనే నా అభిప్రాయం.

మాది పార్వతీపురం. ఇక్కడ నాకు తెలిసిన పుస్తకాల షాపుల్లో గైడ్లు, నోటు పుస్తకాలు, డీఎస్సీ మెటీరియల్ దొరుకుతాయి. కొత్త కథల సంపుటి కావాలంటే విశాఖ వెళ్లాలి, లేదా జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శన దాకా ఆగాలి. శ్రీకాకుళంలో కారా మాస్టారు (కథకులు కాళీపట్నం రామారావు) 1997లో మొదలుపెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం ఉంది, పాత కథలకు మాకు లోటు లేదు. కొత్తవే చేతికి రావు. అసలు ఫలానా పుస్తకం వచ్చిందన్న కబురే మా దాకా రాదు. ఆ కబురు తెచ్చేది ఈ ఆదివారం పోస్టే.

ఒక మంచి పోస్టు ఎలా ఉంటుందో చెప్తాను. ఉత్తరాంధ్ర కథల సంపుటి ఒకటి. అట్ట ఫొటోతో పాటు విషయసూచిక, మొదటి కథలో రెండు పేజీలు పెట్టారు. కింద నాలుగే ముక్కలు: 152 పేజీలు, వెల 180, పోస్టు ఖర్చుతో 220, ఫోన్‌పే నంబరు. ‘అద్భుతం’, ‘తప్పక చదవాల్సిన’ లాంటి మాటలు ఒక్కటీ లేవు. ఆ రెండు పేజీల్లో మా వైపు యాస సరిగ్గా పడింది. వెంటనే డబ్బులు పంపాను. సాయంత్రానికి ప్రచురణకర్తే ఫోన్ చేశారు: “మేడమ్, మీ ఊరి పిన్‌కోడ్ ఒకసారి చెప్తారా? రేపు పొద్దున్నే పోస్టులో వేసేస్తానండి.” అట్టముక్కల మధ్య పెట్టి, చుట్టూ టేపు వేసిన పార్సిల్ ఆ వారంలోనే వచ్చింది. అంచులు నలగలేదు, కాగితం మందంగా ఉంది, బైండింగు గట్టిది. అచ్చు పనిలో వాడే పాత అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చేటప్పుడు కొన్నిచోట్ల వత్తులు ఎగిరిపోయాయి. అది ప్రూఫులు చూసేవాళ్లు పట్టించుకోవాల్సిన విషయం.

ఇప్పుడు కథల పుస్తకం మూడొందలో ఐదొందలో కాపీలు వేయడమే మామూలైపోయింది. షాపుకి ఇస్తే వెలలో 40 శాతం దాకా కమిషన్‌కే పోతుంది, మిగతాది అమ్ముడయ్యాకే వస్తుంది. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ని 2024 డిసెంబరులో తపాలా శాఖ ఆపేశాక పంపడానికయ్యే ఖర్చూ పెరిగింది. ఇంత సన్నటి వ్యవహారంలో, నేరుగా వచ్చే పాతిక ఆర్డర్లు చిన్న ప్రచురణకర్తలకి తర్వాతి పుస్తకం వేసే ధైర్యాన్ని ఇస్తాయి. చదివేవాళ్లు ఉన్న చోట పుస్తకం అమ్ముకోవద్దంటే వాళ్లు ఎక్కడికి వెళ్లాలి?

గ్రూపు సంతలా తయారవుతుందన్న భయం నాకూ అర్థమవుతుంది. కానీ నన్ను ఇబ్బంది పెట్టినవి ఆదివారం లింకులు కావు, మామూలు రోజుల్లో వచ్చిన పొగడ్తలు. ఒక నవలని ఒకాయన వరసగా మెచ్చుకుంటూ రాస్తే నమ్మి తెప్పించుకున్నాను. ఆ పుస్తకం వేసింది ఆయన బావమరిదేనని తర్వాత ఎవరో చెప్పారు. ‘ఇది నా పుస్తకం, అమ్ముతున్నాను’ అన్న మనిషి దగ్గర మోసం లేదు. ఆ ఒక్క మాట దాచినప్పుడే గ్రూపు మీద నమ్మకం పోతుంది. లింకులు నిషేధిస్తే ఈ దొడ్డిదారి పొగడ్తలే ఇంకా పెరుగుతాయని నా గట్టి నమ్మకం.

ఆదివారం ఏర్పాటులోనూ లోపాలున్నాయి. ఒకరు డబ్బు తీసుకుని నెలల తరబడి ‘ప్రెస్‌లో ఉంది’ అంటూ వచ్చారు. అచ్చయి చేతిలో ఉన్న పుస్తకానికే పోస్టు పెట్టనివ్వాలి. లోపలి పేజీలు రెండైనా చూపించాలి. ఒకే పుస్తకాన్ని వారం వారం పెట్టనివ్వకూడదు, నెలకొకసారి చాలు. పెద్ద ఆన్‌లైన్ షాపు లింకు ఇచ్చినా పక్కన సొంత నంబరు కూడా ఇస్తే, కొనేవాళ్లం నేరుగా వాళ్లకే డబ్బు పంపుతాం.

లింకు ఇచ్చిన షాపులో కాపీలు అయిపోతే ఆ సంగతి చెప్పి పోస్టు తీసేయడం కూడా పెట్టినవాళ్ల పనే. మొన్న అలాంటి ఒక పాత లింకు నొక్కితే, ఆ షాపులో 150 రూపాయల పుస్తకాన్ని ఎవరో 600కి అమ్ముతున్నారు. రచయితకి ఫోన్ చేస్తే తన దగ్గర ఇంకా పది కాపీలు ఉన్నాయన్నారు, అదే 150కి.