మోకాలి మృదులాస్థి మోడల్‌కి ఏది మేలు: ఎలాస్టిక్కా, బైఫేజిక్కా?

మోకాలి కీలుకి కంప్యూటర్ మోడల్ మొదలుపెట్టేవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఇదే: "మృదులాస్థిని మామూలు ఎలాస్టిక్ పదార్థంగా తీసుకుంటే సరిపోదా? బైఫేజిక్ తలనొప్పి ఎందుకు?" మృదులాస్థి అంటే కీలులో ఎముకల చివర్లను కప్పే నునుపైన పొర. ఎలాస్టిక్ అంటే దాన్ని స్ప్రింగులా నొక్కి వదిలితే తిరిగొచ్చే ఒకే పదార్థంగా చూడటం, బైఫేజిక్ అంటే ఘనభాగం, నీరు అని రెండుగా చూడటం. ఈమధ్య నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

రెండు వస్తువులు తాకేచోట పీడనం లెక్కగట్టే హెర్ట్జ్ సూత్రాన్ని ముందే పక్కన పెట్టేద్దాం. తాకే ప్రాంతం వస్తువుతో పోలిస్తే చాలా చిన్నదిగా ఉండాలని దాని షరతు. ఇక్కడేమో రెండు మిల్లీమీటర్ల పొర, దాని కింద గట్టి ఎముక, తాకే ప్రాంతం పొర మందానికి కొన్ని రెట్లు.

ఇక ఎలాస్టిక్. ఇందులో అసలు చిక్కు పాయిసన్ నిష్పత్తి (ν) దగ్గర. ఒకవైపు నొక్కితే పక్కలకి ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె ఇది, 0.5 అయితే ఘనపరిమాణం అసలు మారదు. పలుచటి పొరను విడివిడి స్ప్రింగుల్లా తీసుకునే వింక్లర్ పద్ధతినే చూడండి. పొర గట్టితనం (1−ν)/((1+ν)(1−2ν)) ని బట్టి ఉంటుంది. ν 0.45 అయితే అది 3.8, 0.49 అయితే 17. రెండో దశాంశంలో చిన్న మార్పుకి జవాబు నాలుగున్నర రెట్లు పెరిగింది! 0.45 ఎందుకు తీసుకున్నావని అడిగితే "అందరూ అదే వాడుతున్నారు" అనే జవాబే ఎక్కువసార్లు విన్నాను.

మృదులాస్థి బరువులో దాదాపు 70-80 శాతం నీరే. నొక్కగానే ఆ నీరు బయటికి పోలేదు, అక్కడే పీడనంగా నిలబడి బరువు మోస్తుంది. 1980లో మౌ బృందం ప్రతిపాదించిన బైఫేజిక్ సిద్ధాంతం ఘనభాగాన్ని, నీటిని విడివిడిగా లెక్కపెట్టేది ఇందుకే. ఎముకకి అంటుకున్న పలుచటి పొరలు తాకుకున్నప్పుడు మొదట్లో 90 శాతానికి పైగా భారం నీటిదే.

నా దృష్టిలో తేల్చేది గడియారం. మందం వర్గాన్ని, మాడ్యులస్ (ఘనభాగం గట్టితనం), పారగమ్యత (నీరు ఎంత సులువుగా జారుతుందో చెప్పే కొలత)ల లబ్ధంతో భాగించండి, నీరు బయటికి జారడానికి పట్టే సమయం వస్తుంది. 2 మి.మీ. పొర, 0.5 మెగాపాస్కల్, 2×10⁻¹⁵ మీ⁴/న్యూ.సె. తీసుకుంటే 4000 సెకన్లు, అంటే గంటకి పైనే. నడకలో పాదం నేలమీద ఉండేది ఒక సెకను కంటే తక్కువ. ఆ కాస్త సమయంలో నీరు కదలదు కాబట్టి బైఫేజిక్ పొర, సంపీడనం చెందని ఎలాస్టిక్ పొర ఒకేలా ప్రవర్తిస్తాయి. ఒక్క అడుగులో తాకే వైశాల్యం, పీడనం చాలనుకుంటే ఎలాస్టిక్ చేసుకోండి, తప్పేం లేదు. కానీ ν 0.5కి అంటుకునేంత దగ్గరుండాలి, దానికి తగ్గ ఎలిమెంట్లూ (లెక్క కోసం పొరను విడగొట్టే చిన్న ముక్కలు) వాడాలి.

అరగంట నిలబడ్డాక ఏమవుతుందో తెలియాలంటే మాత్రం ఎలాస్టిక్ చేతులెత్తేస్తుంది. నీరు మెల్లగా జారుకుంటూ ఉంటే భారం ఘనభాగం మీదికి వస్తుంది, రాపిడి పెరుగుతుంది. అరిగిన మృదులాస్థిలో పారగమ్యత పెరుగుతుందని తెలుసు, కానీ ఎలాస్టిక్ సమీకరణంలో దాన్ని పెట్టడానికి చోటే లేదు. నేను బైఫేజిక్ వైపు మొగ్గింది దీనివల్లే.

కొల్లాజెన్ పోగులు లాగితే గట్టిగా, నొక్కితే మెత్తగా ఉంటాయి. పొరను ముక్కగా కోసి, పక్కలు వదిలేసి నొక్కే పరీక్షను సరిపోల్చాలంటే పోగులు కలపక తప్పదు. పోగుల్లేని సరళ బైఫేజిక్ అక్కడ నీటికి మూడోవంతుకి మించి భారం ఇవ్వదు, కొలతల్లో అంతకంటే చాలా ఎక్కువ వస్తుంది. అయాన్లను కూడా లెక్కపెట్టే ట్రైఫేజిక్ ఉబ్బు మీద పనిచేసేవాళ్లకి, తాకిడి లెక్కలకి అంత అవసరం పడదు.

బైఫేజిక్‌తో మొదటి రన్‌లోనే నాకు దెబ్బ తగిలింది. ఉపరితలం దగ్గర పీడనం పైకీ కిందికీ ఊగింది. కాంటాక్ట్ సెట్టింగుల మీద రెండు రోజులు పోరాడాక కాగితం మీద లెక్క వేశాను. 0.1 సెకనులో నీరు కదిలే లోతు 0.01 మి.మీ. మాత్రమే. నా ఎలిమెంట్ మందం 0.2 మి.మీ. ఉపరితలం వైపు మెష్‌ని (ఎలిమెంట్ల అమరికని) పలుచగా కోశాక ఊగడం ఆగింది, రన్ మాత్రం రాత్రంతా నడిచింది.