ఆన్‌లైన్ క్లాస్ లైవ్‌లో మేలా, రికార్డెడ్ వీడియో మేలా? అసలు టీచర్ నుంచి ఏం ఆశించాలి?

మొన్న వానలకి స్కూళ్ళు మూసినప్పుడు మా పక్కింటి అక్క వచ్చి అడిగింది, వాళ్ళ పాపకి ఒక టీచర్ గూగుల్ మీట్‌లో లైవ్ క్లాస్ తీసుకుంటుందంట, ఇంకో టీచర్ వీడియో పంపేసి డౌట్లుంటే వాట్సాప్‌లో అడగమంటుందంట, "రెండో ఆమె పని ఎగ్గొడుతున్నట్టే కదా?" అని. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే 2020లో కరోనాకి స్కూళ్ళు మూసినప్పుడు హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో కూర్చుని ఏడో తరగతికి, పదో తరగతికి మ్యాథ్స్ నేను రెండు రకాలుగానూ చెప్పాను, ఏది ఎంత కష్టమో నాకు తెలుసు.

లైవ్‌లో ఉన్న గొప్ప సుఖం ఏంటంటే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. ఇంటీజర్స్ చెప్తున్నప్పుడు మైనస్ 3 లోంచి మైనస్ 5 తీసేస్తే ఎంత అని అడిగితే సగం మంది మైనస్ 8 అని చాట్‌లో పెట్టేవాళ్ళు, వెంటనే ఆగి నంబర్ లైన్ గీసి మళ్ళీ చెప్పేదాన్ని, రెండోసారి ప్లస్ 2 అని వచ్చేది. అదే లెక్క వీడియోలో చెప్పి పంపిస్తే పిల్లలు మైనస్ 8 అనే రాసుకుని, అదే కరెక్ట్ అనుకుని, పది లెక్కలు అలాగే చేసేసి మూడు రోజుల తర్వాత ఫోటో పంపేవాళ్ళు. అప్పుడు తప్పుగా నేర్చుకున్నదంతా మాన్పించి మళ్ళీ నేర్పాలి, చిన్నపిల్లలకి అది చాలా కష్టం.

కానీ లైవ్ అనేది స్కూల్ టైంటేబుల్‌ని ఉన్నదున్నట్టు ఫోన్‌లోకి దించేస్తే మాత్రం పనికిరాదు. కేంద్రం 2020 జూలైలో ఆన్‌లైన్ చదువుల మీద ప్రజ్ఞాత అని గైడ్‌లైన్స్ ఇచ్చింది, అందులో 1 నుంచి 8 తరగతులకి రోజుకి 30-45 నిమిషాల సెషన్లు రెండుకి మించొద్దని, 9 నుంచి 12కి నాలుగుకి మించొద్దని ఉంది. నేను పనిచేసిన స్కూల్లో ఏడో తరగతికి రోజుకి ఐదు పీరియడ్లు పెట్టారు, పైగా నలభై మంది పిల్లలు కెమెరా ఆన్ చెయ్యాల్సిందే అని రూలు. జూమ్ ఫ్రీ అకౌంట్ 40 నిమిషాలకి కట్ అయిపోతే మళ్ళీ లింక్ పంపి అందరినీ లోపలికి తీసుకునేసరికి పది నిమిషాలు పోయేవి. నాలుగో పీరియడ్‌కి పిల్లల కళ్ళు చూస్తే ఏడుపొచ్చేది.

కెమెరా గురించి ఒక మాట చెప్పాలి, ఇది నా మనసులో ఎప్పటినుంచో ఉంది. ఒక పిల్లాడు ఎంత చెప్పినా కెమెరా పెట్టేవాడు కాదు, ఫోన్ చేస్తే వాళ్ళమ్మ అంది, "ఒక్కటే రూం మేడం, ఎన్క చిన్నోడు పండుకుంటడు, మా అత్తమ్మ ఉంటది, అందరికీ కనిపిస్తదని సిగ్గు పడుతుండు." ఆ రోజు నుంచి నేను కెమెరా అడగడం మానేశాను. కెమెరాలో మొహం కనిపిస్తే వింటున్నట్టు కాదు, ఆన్సర్ వస్తేనే వింటున్నట్టు, అందుకని ప్రతి పది నిమిషాలకీ ఒక లెక్క ఇచ్చి చాట్‌లో ఆన్సర్ పెట్టమనేదాన్ని.

ఇక వీడియో. పని ఎగ్గొట్టడం అనేవాళ్ళు ఒక్కసారి చేసి చూడాలి. ఫ్రిజ్‌లోంచి అద్దం ట్రే తీసి రెండు డబ్బాల మీద పెట్టి, పైన ఫోన్ బోర్లించి, కింద నోట్‌బుక్‌లో రాస్తూ పదిహేను నిమిషాల పాఠం తీయడానికి నాకు రెండు గంటలు పట్టేది, ఫ్యాన్ ఆపాలి, పక్కింట్లో కుక్కర్ విజిల్ వస్తే మళ్ళీ మొదటినుంచి. కానీ ఫోన్ నాన్నతో పాటు పనికి వెళ్ళిపోయే ఇళ్ళకి ఆ వీడియోనే ఆధారం, రాత్రి తొమ్మిదింటికి చూసుకోవచ్చు, అర్థం కాకపోతే నాలుగుసార్లు చూసుకోవచ్చు. నా పదో తరగతి పిల్లలు లైవ్ కంటే వీడియోనే ఇష్టపడ్డారు.

తెలంగాణలో సర్కారు స్కూళ్ళకి 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో పాఠాలు వేశారు, ఫోన్ లేని ఇంటికి టీవీ అయినా ఉంటుంది కాబట్టి అది మంచి పనే. అయితే టీవీ పిల్లాడి నోట్‌బుక్ చూడలేదు కదా, అక్కడ కూడా టీచర్లు ఫోన్లు చేసి చూశావా అని కనుక్కుని వర్క్‌షీట్లు దిద్దితేనే పాఠం పూర్తయ్యేది.

అందుకే నా లెక్కలో టీచర్‌ని అడగాల్సింది ఎన్ని గంటలు స్క్రీన్ మీద ఉన్నావని కాదు, నా బిడ్డ ఎక్కడ తప్పు చేస్తోందో చూశావా, ఆ మాట వాడికో దానికో ఎప్పుడు చెప్పావు అని. దానికి టీచర్‌కి టైం కావాలి, ఐదు పీరియడ్లు లైవ్ తీసుకున్నాక రాత్రి పదకొండింటికి కూర్చుని నూట ఇరవై ఫోటోలు ఫోన్‌లో జూమ్ చేసి దిద్దమంటే ఎవరి వల్లా కాదు. మాకు అప్పుడు సగం జీతాలు, చాలామందికి అదీ లేదు, 2021 ఏప్రిల్‌లో ప్రైవేట్ టీచర్లకి ప్రభుత్వం నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

నన్నడిగితే తొమ్మిది, పది తరగతులకి పాఠం వీడియోలో, డౌట్లు లైవ్‌లో, అదే మేలు. ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకి రెండు లైవ్ క్లాసులు, మిగతాది వీడియో. ఐదో తరగతి వరకు పిల్లలకి వీడియో ఒక్కటే సరిపోదు, వాళ్ళు మనిషితో మాట్లాడాలి, కానీ నలభై మందిని ఒకేసారి కూర్చోబెట్టకుండా పదేసి మందిని ఇరవై నిమిషాలు తీసుకోవాలి.

అక్క వాళ్ళ పాప నాలుగో తరగతి. వీడియోలు పంపే టీచర్ మీద కంప్లైంట్ ఇవ్వొద్దు, సెలవు రోజుల్లో ఆమెకి వేరే పీరియడ్లు తగ్గించి, చిన్న గ్రూపులతో మాట్లాడే టైం ఇవ్వమని ప్రిన్సిపాల్‌ని అడుగు అన్నాను. ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లులతో కలిసి వెళ్తానంది.