మొన్సాంతో, ఇదాన్యా-అ-వేల్యా, పెన్యా గార్సియా: కిలోమీటర్లు కాదు, కాలి కింద రాయి చూసుకోండి

ముందే తేల్చి చెప్పేస్తే: చేతిలో కారు, రెండు రోజుల టైము ఉంటే ఈ మూడు ఊళ్ళ కాలిబాటలూ నడవదగ్గవే. ఒక్క పూటే ఉంటే మిగతావి వదిలేసి పెన్యా గార్సియా వెళ్ళండి. జూలై, ఆగస్టుల్లో వెళ్తున్నవాళ్ళు పొద్దున్నే మొదలుపెట్టి పదిలోపు ముగించేట్టయితేనే నడక పెట్టుకోండి, లేకపోతే ఊళ్ళు చూసి వచ్చేయండి.

ఈ మూడూ పోర్చుగల్ తూర్పు అంచున, స్పెయిన్ సరిహద్దుకు దగ్గర్లో, ఇదాన్యా-అ-నోవా మునిసిపాలిటీలో ఉన్నాయి. మొన్సాంతో, ఇదాన్యా-అ-వేల్యా రెండూ ప్రభుత్వం గుర్తించిన 12 'చారిత్రక గ్రామాల' జాబితాలోవి. పెన్యా గార్సియా ఆ జాబితాలో లేదు. అందుకే టూరిస్టు బస్సులు దాన్ని దాటేసి పోతుంటాయి. నడిచేవాళ్ళకు అదే అదృష్టం.

బ్రోషర్లలో ఎంతసేపూ 'ఇన్ని కిలోమీటర్లు, ఇంత ఎత్తు' అని ఉంటుంది తప్ప, కాలి కింద ఏముందో ఉండదు. ఇక్కడ అసలు తేడా అంతా అందులోనే ఉంది. మొన్సాంతోది గ్రానైట్. గరుకుగా ఉంటుంది, ఎండలో షూ అతుక్కున్నట్టు పట్టు దొరుకుతుంది. పెన్యా గార్సియాది క్వార్ట్‌జైట్. గట్టిది, నున్ననిది, తడిస్తే సబ్బు. ఇదాన్యా-అ-వేల్యా చుట్టూ ఉన్న మైదానంలో పలకలుగా విడిపోయే షిస్ట్ ఎక్కువ. అది కాలికి ఇబ్బంది పెట్టదు, కానీ ఆ నేల మీద నీడ దొరకదు.

పెన్యా గార్సియాలో ఉన్నది 'ఫాసిల్స్ దారి'. బోర్డు మీద పీఆర్ 3 అని ఉంటుంది (పీఆర్ అంటే చిన్న నడకదారి). సుమారు 3 కిలోమీటర్లు, మొదలైన చోటికే తిరిగొస్తుంది. కాగితం మీద గంటన్నర, నిజంగా చూస్తూ నడిస్తే రెండున్నర గంటలు. ముందు ఊరి వీధుల మీదుగా పై కోట శిథిలాల దాకా ఎక్కి, అక్కణ్ణుంచి పోన్సుల్ నది కోసుకుపోయిన లోయలోకి దిగండి. అటు తిప్పి నడిచినా దారి అదే, కానీ ఎక్కుడంతా చివర్లో, ఎండ ముదిరాక మీద పడుతుంది.

ఇక్కడి ఫాసిల్స్ ఎలా చూడాలో తెలియక చాలామంది 'ఏమీ కనిపించలేదు' అని వచ్చేస్తారు. వాళ్ళు వెతికేది ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిపోయిన, చాలా కాళ్ళున్న సముద్రజీవి) గుల్లల్ని. ఉన్నవి గుల్లలు కావు, ఆ జీవులు సముద్రపు అడుగున బురదలో తవ్వుకుంటూ పోయిన జాడలు. శాస్త్రం పేరు క్రుజియానా, వయసు దాదాపు 48 కోట్ల ఏళ్ళు. ఊరివాళ్ళు తరతరాలుగా వీటిని 'రంగు వేసిన పాములు' అని పిలుస్తున్నారు. చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. అరచేతి వెడల్పున్న పట్టీ ఒకటి రాతి మీద మెలికలు తిరుగుతూ పోతుంది. మధ్యలో సన్నని గాడి, దానికి రెండు వైపులా ఏటవాలు గీతలు. అచ్చం జడ అల్లినట్టు ఉంటుంది. ఆ గీతలు కాళ్ళతో గీరిన గుర్తులు.

ఇంకో చిక్కు ఏమిటంటే, గాడి పడాల్సిన జాడ ఉబ్బెత్తుగా ఉంటుంది. బురదలో పడ్డ గాడిలోకి పైనుంచి ఇసుక నిండి, ఆ ఇసుకే రాయి అయింది. అంటే మనం చూసేది పై పొర అడుగుభాగాన్ని, గాడికి పోసిన అచ్చును. తర్వాత పర్వతాలు పుట్టిన కాలంలో పొరలన్నీ దాదాపు నిట్టనిలువుగా లేచాయి. కాబట్టి ఒకప్పటి సముద్రపు అడుగు ఇప్పుడు మన ముందు గోడలా నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర కాదు, భుజాల ఎత్తులో వెతకండి. వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడాలి, అప్పుడే ఉబ్బు తేలుతుంది. మిట్టమధ్యాహ్నం అదే గోడ బోసిగా కనిపిస్తుంది. ఫోను టార్చిని రాతికి ఆనించి పక్కవాటంగా వేసినా పనిచేస్తుంది.

లోయ అడుగున పాత నీటి మరలు ఉన్నాయి, కొన్నిటిని బాగుచేశారు. పక్కన రాళ్ళెక్కేవాళ్ళు తాళ్ళు కట్టుకుని సాధన చేస్తుంటారు. వాళ్ళ కింద నిలబడి ఫొటోలు తీయొద్దు, చిన్న చిన్న రాళ్ళు రాలుతుంటాయి. జలపాతం కింద మడుగులో ఈత కొట్టొచ్చు కానీ అడుగున బండలుంటాయి, పైనుంచి దూకే పని పెట్టుకోకండి. కోట దగ్గర, లోయలోకి దిగే మెట్ల దగ్గర అన్నిచోట్లా రెయిలింగ్ ఉంటుందనుకోకండి. చిన్నపిల్లలుంటే చెయ్యి వదలొద్దు. వాన పడ్డ రోజైతే కోట దాకా వెళ్ళి వెనక్కి వచ్చేయడం మంచిది. ఇన్ని షరతుల మీద కూడా దీనికి 5కి 4.5 ఇవ్వొచ్చు. మూడు కిలోమీటర్లలో ఇంత సరుకున్న దారి ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

మొన్సాంతో నుంచి ఇదాన్యా-అ-వేల్యా దాకా నడక సంగతి వేరు. మొన్సాంతో 758 మీటర్ల కొండకు అతుక్కున్న ఊరు. ఇళ్ళకు కొన్నిచోట్ల ఒక గోడ, కొన్నిచోట్ల పైకప్పే పెద్ద బండరాయి. 1938లో 'పోర్చుగల్‌లో కెల్లా పోర్చుగీసు గ్రామం' పోటీలో దీనికి వెండి కోడిపుంజు బహుమతిగా వచ్చింది, దాని నకలు లుకానో గడియారపు గోపురం మీద కనిపిస్తుంది. పై కోట దాకా ఎక్కి దిగడానికి గంట పెట్టుకోండి. కోటకు ముందున్న సావ్ మిగెల్ పాడుబడ్డ చర్చి దగ్గర, రాతిలో మనిషి ఆకారంలో తొలిచిన సమాధులు చూడకుండా రాకండి. మే 3 తర్వాతి ఆదివారానికి అటూఇటూగా వెళ్తే కోట గోడల మీంచి పూలకుండలు విసిరే పండుగ జరుగుతుంది. ఆ రోజు చూడ్డానికి బాగుంటుంది గానీ, కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు.

ఊరు దాటాక రాళ్ళు పరిచిన పాత దారి కిందికి దిగుతుంది. ఇక్కడే 'దిగుడే కదా' అని తేలిగ్గా తీసుకుని దెబ్బతింటారు. శతాబ్దాల అరుగుదలతో రాళ్ళ తలలు గుండ్రంగా అయిపోయాయి, ప్రతి అడుగూ బ్రేకు వేస్తున్నట్టే పడుతుంది. మొన్సాంతో వీధుల నుంచి మైదానానికి 350, 400 మీటర్ల దిగుడు. బయల్దేరే ముందు లేసులు విప్పి, మడమ వెనక్కి ఆనించి, చీలమండ దగ్గర బిగించి కట్టుకోండి. వేళ్ళ దగ్గర వదులుగా ఉన్నా ఫర్వాలేదు. ఇలా చేయకపోతే పాదం ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది. చేతికర్రలుంటే ఎక్కేటప్పటికంటే 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడవు పెంచండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఈ భాగం మానేసి కొండ కింది నుంచి మొదలుపెట్టొచ్చు, పెద్దగా పోయేదేమీ లేదు.

కిందికొచ్చాక అంతా సమతలం: పశువుల మేత భూములు, ఓక్ చెట్లు, ఆలివ్ తోటలు. బెండు (కార్క్) తీసే ఓక్ చెట్టు కనిపిస్తే మాను మీద తెల్ల రంగుతో రాసిన అంకె చూడండి. అది బెరడు ఒలిచిన సంవత్సరంలోని చివరి అంకె. 3 ఉంటే 2023లో ఒలిచారని. మళ్ళీ ఒలవడానికి కనీసం 9 ఏళ్ళు ఆగాలి. దారిలో గేట్లుంటాయి. మూసి ఉంటే మూసి వెళ్ళండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి.

ఇదాన్యా-అ-వేల్యా చేరేసరికి పోన్సుల్ మళ్ళీ ఎదురవుతుంది. పెన్యా గార్సియాలో రాతిని కోసిన అదే నది ఇక్కడ నెమ్మదించి ఊరిని చుట్టి పోతుంది. రోమన్ల కాలంలో ఇది నగరం. క్రీ.పూ. 16లో ఇప్పటి స్పెయిన్‌లోని మెరిదా నుంచి వచ్చిన క్వింతుస్ ఇయల్లియుస్ అనే ఆయన ఊరికి గడియారం దానం చేసినట్టు శాసనం ఉంది. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత జనం. పాత కెథెడ్రల్‌తో పాటు ఆలివ్ గానుగ కూడా చూసి తీరాలి. చెట్ల మానులను మానులుగానే తెచ్చి, నూనె పిండే దూలాలుగా బిగించారు. ఇలాంటివాటికి తాళం పడే వేళలు ముందే కనుక్కుని వెళ్ళండి, మధ్యాహ్న భోజనం వేళ మూసే అలవాటు ఈ ప్రాంతంలో ఎక్కువ. ఏప్రిల్‌లో అయితే ఈ దారికి 4, ఆగస్టులో 1.

ఇది ఒకవైపు దారి కాబట్టి తిరుగు ప్రయాణం దగ్గరే చాలామంది ప్లాను చెడుతుంది. ఇక్కడ బస్సులు రోజుకు ఏవో కొన్ని, వారాంతాల్లో వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. మంచి పద్ధతి ఏమిటంటే, కారు ఇదాన్యా-అ-వేల్యాలో పెట్టి, ముందురోజే ఫోన్ చేసి చెప్పుకున్న టాక్సీలో పొద్దున్నే మొన్సాంతో ఎక్కి, కారు దగ్గరికి నడిచి దిగడం. ఇలా చేస్తే ఎవరి కోసమూ ఎదురుచూసే పని లేదు. నడక ముగిశాక టాక్సీ వెతుక్కుందామంటే కుదరదు. లిస్బన్ నుంచి రైల్లో వస్తే కస్తెలు బ్రాంకులో దిగాలి, మిగతాది రోడ్డే. సొంత కారులో వచ్చేవాళ్ళకు ఒక లాభం: ఏ23 హైవే మీద ఎలక్ట్రానిక్ టోలు 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు.

గుర్తుల విషయానికొస్తే, పసుపు కింద ఎరుపు గీత ఉంటే చిన్న దారి, పీఆర్. తెలుపు కింద ఎరుపు ఉంటే 30 కిలోమీటర్లు మించిన పెద్ద దారి, జీఆర్. ఆ 12 గ్రామాలనూ కలిపే జీఆర్ 22 కూడా ఇటే పోతుంది. రెండు గీతలు ఇంటూ ఆకారంలో ఉంటే అటు వెళ్ళొద్దని. జనం దారి తప్పేది అడవిలో కాదు, ఊరి పొలిమేరలో. పాత ఇళ్ళ గోడలకు రంగు పూయరు కాబట్టి చివరి వీధి మలుపులో గుర్తు కనిపించదు. గ్రానైట్ మీద పట్టిన పసుపు నాచు కూడా దూరానికి పీఆర్ గీతలా మోసం చేస్తుంది. ఐదు నిమిషాలు నడిచినా గుర్తు కనిపించకపోతే చివరిసారి చూసిన గుర్తు దాకా వెనక్కి రండి. దారి గీత ఉండే జీపీఎక్స్ ఫైలు ఫోన్లో ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి, లోయలో సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోలేం.

నీళ్ళు వసంతంలో మనిషికి 2 లీటర్లు, వేసవిలో 3. ఊరి కుళాయిల మీద 'ఆగ్వా నావ్ కొంత్రొలాదా' అని ఉంటే ఆ నీటిని పరీక్షించరని అర్థం, సీసా నింపుకోకండి. మోకాళ్ళ దాకా జిగురు పూసే పొదలు, వసంతంలో పిడుదులు ఉంటాయి, పొడుగు ప్యాంటే వేసుకోండి. పైన్ చెట్ల కింద ఒకదాని వెనక ఒకటి బారుగా పోయే గొంగళిపురుగులు శీతాకాలం చివర్లో కనిపిస్తాయి. వాటి నూగు తగిలితే దద్దుర్లు, కుక్క మూతి పెడితే దాని ప్రాణానికే ప్రమాదం. వేట సీజన్లో, అంటే శరదృతువు నుంచి చలికాలం దాకా, గురువారాలు, ఆదివారాలు, సెలవు రోజుల్లో తుపాకుల చప్పుడు వినిపిస్తుంది. ఆ రోజుల్లో ముదురు రంగు జాకెట్టు వద్దు.

వేసవిలో బయల్దేరే రోజు పొద్దున ఐపీఎంఏ వాతావరణ సంస్థ సైట్లో మునిసిపాలిటీవారీగా మంటల ప్రమాద స్థాయి చూడండి. మొత్తం ఐదు స్థాయిలు. పై రెండిట్లో ఏది ఉన్నా అడవి ప్రాంతాల్లోకి రాకపోకలపై ఆంక్షలు పెడతారు, ఆ రోజుకు నడక లేనట్టే. పొగ కనిపిస్తే 112కి ఫోన్ చేయండి.

తిండి దగ్గర శాకాహారులకు కాస్త కష్టమే. ఆకుకూరతో చేసే కాల్దు వెర్ద్ సూపు చూడ్డానికి శుద్ధ శాకాహారమే, గిన్నె అడుగున మాత్రం చోరిసో (పంది మాంసపు సాసేజ్) ముక్క తేలుతుంది. ముందే అడగండి. రొట్టె, జున్ను, ఆలివ్‌లు సంచిలో ఉంటే ఎవరినీ అడిగే పని లేదు. మధ్యాహ్న భోజనం రెండున్నర దాటితే దొరకదు. చిల్లర యూరోలు దగ్గర ఉంచుకోండి, చిన్న కెఫేల్లో కార్డు తీసుకోకపోవచ్చు.

నీడ లేకుండా నడవలేమనేవాళ్ళు ఈ మూడూ వదిలేసి, కొయింబ్రాకు దగ్గర్లోని లౌజావ్ కొండలకు పోవడం మేలు. తలస్నాల్, కజాల్ నోవు లాంటి షిస్ట్ ఊళ్ళ మధ్య దారులు చెస్ట్‌నట్ చెట్ల కిందుగా పోతాయి. అక్కడ ఎండ బాధ లేదు, తడి బాధ ఉంది. నవంబరులో రాలిన ఆకుల కింద తడి షిస్ట్ పలకలు కనిపించవు, వాటి మీద చెస్ట్‌నట్ ముళ్ళకాయలు పరుచుకుని ఉంటాయి. పల్చటి రన్నింగ్ షూ వేసుకుని వెళ్తే ముల్లు అడుగు తోలు దాటి గుచ్చుకుంటుంది.