ఇంటర్ తర్వాత హెచ్‌సీయూ: చేరదామనుకుంటున్న నేను వెళ్లి చూసొచ్చి రాస్తున్నా

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, అదే అందరూ హెచ్‌సీయూ అంటారే అందులో, ఇంటర్ అవ్వగానే చేరొచ్చని మా కాలేజీలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పరు కూడా. ఎంపీసీ తీసుకున్నావా, అయితే ఈఏపీసెట్, జేఈఈ, ఇంకేం ఉంది అన్నట్టే ఉంటుంది వరస. ఫ్లెక్సీ మీద ఫొటో వేసుకోవడానికి పనికొచ్చే ర్యాంకులు అవే కదా మరి. నాకేమో ఫిజిక్స్ చదవాలని ఉంది. ఆ మాట అంటే "బీఎస్సీ చేసి ఏం చేస్తావే?" అని ఇంట్లో, బయట, పెళ్లిళ్లలో, అంతటా అదే ప్రశ్న. అలాంటి టైంలో మా పక్క వీధి అక్క ఒకామె చెప్పింది, హెచ్‌సీయూలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉందని, ఇంటర్ నుంచి నేరుగా చేరి పీజీతో బయటికి రావచ్చని. సరే, ముందు చూద్దాం అని జనవరి చివర్లో క్లాసులు జరిగే రోజు చూసుకుని నాన్నని తీసుకుని ఖమ్మం నుంచి బయల్దేరాను.

చూసినదాని గురించి చెప్పేముందు ఒక చిన్న చరిత్ర, ఎందుకంటే ఇది అడ్మిషన్‌తో ముడిపడిన సంగతి. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం, ఆ గొడవలన్నీ అయ్యాక 1973లో ఆరు సూత్రాల పథకం అని ఒకటి వచ్చింది, హైదరాబాద్‌లో ఒక కేంద్ర విశ్వవిద్యాలయం పెట్టడం అందులో భాగమే. దానికోసం రాజ్యాంగంలో 371-ఇ అని ఒక అధికరణం చేర్చారు, 1974లో పార్లమెంటు చట్టంతో యూనివర్సిటీ మొదలైంది. తొలి రోజుల్లో అబిడ్స్ దగ్గర సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచింది, తర్వాత గచ్చిబౌలి రాళ్లలోకి వచ్చింది. పోటీ పరీక్షలవాళ్లకి ఇదంతా ఒక బిట్ కావచ్చు, మనకి మాత్రం ఒక్కటే ముఖ్యం. ఇది కేంద్రానిది కాబట్టి లోకల్ కోటా ఉండదు. సీట్లకి దేశమంతా పోటీ పడుతుంది. కేరళవాళ్లు, బెంగాల్‌వాళ్లు, ఒడిశావాళ్లు మన పక్క బెంచీలో కూర్చుంటారు. నాకు ఇది ప్లస్సే అనిపించింది, నాన్నకి మాత్రం "మన ఊళ్లో యూనివర్సిటీ, మనకి కోటా లేదా" అని కాస్త కష్టంగానే ఉంది.

ఉస్మానియాతో పోల్చి అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అది కూడా ఇక్కడే చెప్పేస్తా. ఉస్మానియా 1918 నాటిది, ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్ ముందు నిలబడితే ఎవరికైనా అక్కడే చదవాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ దోస్త్‌లో, అంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్‌లో, సీటొచ్చి ఓయూ డిగ్రీ చేసేవాళ్లలో ఎక్కువమంది చదివేది దాని కింద ఉన్న కాలేజీల్లో, ఆ బిల్డింగ్‌లో కాదు. హెచ్‌సీయూకి అనుబంధ కాలేజీలు అంటూ లేవు. సీటొస్తే ఆ కాంపౌండ్‌లోనే, పీహెచ్‌డీలు చేసేవాళ్ల మధ్యే చదువు.

ఇక క్యాంపస్. పాత ముంబై హైవే మీద మెయిన్ గేటు. మెట్రోలో వచ్చేవాళ్లకి రాయదుర్గం చివరి స్టేషన్, అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టుకోవాలి. ఎంఎంటీఎస్ అయితే లింగంపల్లిలో దిగాలి. గేటు దగ్గర ఆధార్ చూపించి, ఎందుకొచ్చామో చెప్పి లోపలికెళ్లాం. నాన్న ఆర్టీసీలో కండక్టర్, దూరాలు కళ్లతోనే కొలిచేస్తాడు. లోపల కాసేపు నడిచాక ఆగి, "ఇది కాలేజీ కాదమ్మా, రెండు స్టేజీలుంది" అన్నాడు. నిజంగానే అంత ఉంటుంది. మొదట్లో ఇచ్చిన భూమి రెండువేల ఎకరాల పైమాటే, అందులోంచి కొంత తర్వాత టీఐఎఫ్ఆర్ లాంటి పరిశోధన సంస్థలకి వెళ్లింది, అయినా మిగిలిందే బోలెడు. డిపార్ట్‌మెంట్ ఒక మూల, హాస్టల్ ఒక మూల. సైకిల్ లేకపోతే కాళ్లు అరుగుతాయని అక్కడ కనిపించిన ప్రతి ఒక్కరూ చెప్పారు. జనవరి కాబట్టి మేం బతికిపోయాం, ఏప్రిల్‌లో చూడ్డానికి వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, నీళ్ల బాటిల్ మర్చిపోకండి.

దారికి రెండు పక్కలా రాళ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు, ఇప్పుడే దొర్లిపోతాయేమో అన్నట్టుంటాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. ఇక్కడ అప్లైడ్ జియాలజీలో కూడా ఇంటిగ్రేటెడ్ కోర్సు ఉంది, వాళ్లకి ల్యాబ్ హాస్టల్ కిటికీలోంచే కనిపిస్తుందన్నమాట. చుక్కల జింకలు ఉంటాయంటారు, నాకు మాత్రం ఒక నెమలి, దాన్ని ఏమాత్రం పట్టించుకోకుండా ఫోన్ చూసుకుంటూ పోతున్న ఒక స్టూడెంటు కనిపించారు.

అసలు సంగతి షాప్‌కామ్ దగ్గర తెలిసింది. షాపింగ్ కాంప్లెక్స్‌ని అక్కడివాళ్లు అలాగే అంటారు, మీరూ అలాగే అడగండి, షాపింగ్ కాంప్లెక్స్ అంటే గచ్చిబౌలిలో ఏ మాల్‌కో దారి చూపిస్తారు. అక్కడ టీ తాగుతూ ఒకమ్మాయి కాయితాలు ముందేసుకుని కూర్చుంది. పైన అసైన్‌మెంట్ అని రాసుంది, కింద ఒకటే లెక్క మూడు పేజీలు, సగం కొట్టివేతలే. ఇంటిగ్రేటెడ్ ఫిజిక్స్ రెండో ఏడాదట. మొహమాటపడుతూనే "అక్కా, ఇక్కడ చేరదామనుకుంటున్నా" అన్నాను. పాపం కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. మీకు ఇక్కడ కష్టం అనిపించింది ఏంటక్కా అని అడిగితే ఆలోచించకుండా చెప్పింది: "ఇంటర్‌లో మనకి ఆన్సర్ నాలుగు ఆప్షన్లలో ఎక్కడో ఉంటుంది. ఇక్కడ ఉండదు." మొదటి సెమిస్టర్‌లో ఒక సార్ బోర్డు మీద ఏదో రాసి ఇది తప్పు, ఎక్కడ తప్పో చెప్పండి అంటే క్లాసంతా బిక్కమొహం వేసిందట, తప్పు రాసే సార్‌ని అప్పటిదాకా చూసిందెవరు మరి. కోర్సు మొదట్లో సొంత సబ్జెక్టే కాకుండా మిగతా సైన్సులూ చదవాల్సి వచ్చిందని, బయాలజీ చూసి మొదట ఏడ్చానని, ఇప్పుడు ఫిజిక్స్ కంటే అదే ఇంట్రెస్టింగ్‌గా ఉందని కూడా చెప్పింది. ఇంగ్లిష్ సంగతి అడిగాను, ఎందుకంటే నా భయమంతా అదే. క్లాసులు ఇంగ్లిష్‌లోనే, రూమ్మేటు మలయాళీ అయితే రూమ్‌లో కూడా ఇంగ్లిషే, ఒక సెమిస్టర్ గడిచాక దానంతటదే వచ్చేస్తుంది, రాకపోయినా ఎవరూ నవ్వరు అంది. ఈ చివరి మాట ఎంత నిజమో చేరాక చూడాలి.

నాన్న అప్పటిదాకా ఊరుకుని "అమ్మా, ఉద్యోగాలు ఎలా వస్తాయి ఇక్కడ?" అని అడిగాడు. ఆ అక్క దాచలేదు. "ఐటీ కంపెనీ ఉద్యోగమే కావాలంటే ఇంజనీరింగే మంచిదంకుల్. మా సీనియర్లు ఎక్కువమంది పీహెచ్‌డీకి వెళ్తారు, కొందరు నెట్ రాసి లెక్చరర్లు అవుతారు, కొందరు సివిల్స్‌కి కూర్చుంటారు, కొందరు కోడింగ్ నేర్చుకుని ఎలాగూ ఐటీలోకే పోతారు." నాన్న మొహం చూస్తే ఆ జవాబు నచ్చిందో లేదో తెలియలేదు గానీ, బస్సెక్కాక "ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు" అన్నాడు.

ఇదెందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, దీనికి కొన్ని వారాల ముందు ఒక ప్రైవేటు యూనివర్సిటీ చూడ్డానికి వెళ్లాం. పేరు వద్దులెండి. అక్కడ గేటు దగ్గరే మనిషిని పెట్టి బ్యాటరీ బండిలో తిప్పారు, ఏసీ హాల్లో వీడియో వేశారు, భోజనం కూడా పెట్టారు, బిర్యానీ బాగానే ఉంది. చదివే స్టూడెంట్‌తో మాట్లాడతా అంటే మాత్రం "కౌన్సెలర్ గారు అన్నీ చెప్తారు" అన్నారు. నాలుగేళ్ల ఫీజు అడిగితే ముందు స్కాలర్‌షిప్ గురించి, తర్వాత ఈఎంఐ గురించి చెప్పారు. ఇప్పటికీ ఫోన్లు ఆగలేదు. హెచ్‌సీయూలో మమ్మల్ని తిప్పి చూపించినవాళ్లు లేరు, మేమే అడుక్కుంటూ తిరిగాం, కానీ ఎవరి దగ్గర ఆగితే వాళ్లు మాట్లాడారు. ఫీజు కూడా ఆ లక్షలతో పోలిస్తే లెక్కలోకే రాదు. అయితే అన్నీ అరచేతిలో పెట్టి చూపిస్తారనుకుని వెళ్తే మాత్రం డీలా పడతారు. ఎవరిని ఏం అడగాలో ముందే కాయితం మీద రాసుకుని వెళ్లండి.

ఇందిరాగాంధీ మెమోరియల్ లైబ్రరీ వైపు కూడా వెళ్లాం. రీడింగ్ రూమ్ నిండా జనం, చప్పుడు లేదు. దాని గురించి ఇంతకంటే రాయడానికి నేను అక్కడ చదివి చూడలేదు. గోప్స్ అని ఇంకో క్యాంటీన్ ఉంది, సీనియర్లందరూ దాని పేరే చెప్తారు. బోల్ హైదరాబాద్ అని 90.4 ఎఫ్ఎంలో క్యాంపస్ రేడియో కూడా ఉంది, మైకు పిచ్చి ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి.

రాజకీయాల గురించి అమ్మ ఫోన్‌లో పదిసార్లు అడిగింది, మీ అమ్మలూ అడుగుతారు. ఉన్నాయి. స్టూడెంట్స్ యూనియన్‌కి ఎన్నికలు జరుగుతాయి, గోడల మీద అన్ని రంగుల పోస్టర్లూ ఉంటాయి. 2016 జనవరిలో ఇక్కడి పీహెచ్‌డీ స్టూడెంట్ రోహిత్ వేముల చనిపోయినప్పుడు దేశమంతా ఈ క్యాంపస్ పేరే వినపడింది, ఆ ఉద్యమంలో విద్యార్థులు వెలివాడ అని పేరుపెట్టి నిరసన శిబిరం వేసింది ఈ షాప్‌కామ్ దగ్గరే. 2025 మార్చి చివర్లో క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగినప్పుడు స్టూడెంట్లు అడ్డంపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు నరకడం ఆపించింది. ఆ భూమి ప్రభుత్వానిదా యూనివర్సిటీదా అన్న వాదన నేను తేల్చేది కాదు. నాకు అర్థమైంది మాత్రం ఏంటంటే, ఇక్కడ చదివేవాళ్లు క్లాసు బయట కూడా నోరు తెరుస్తారు, అది మీ ఇంట్లోవాళ్లకి భయం అయితే ఆ సంగతి చేరాక కాదు, ముందే మాట్లాడుకోండి. మా ఇంట్లో ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు అసలైన తలనొప్పి, అడ్మిషన్. 2022 నుంచి సీయూఈటీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష, దాని ద్వారానే. ఒక్క కంప్యూటర్ సైన్స్ ఇంటిగ్రేటెడ్ ఎంటెక్‌కి మాత్రం జేఈఈ మెయిన్ స్కోరు చూస్తారు. సీయూఈటీ దరఖాస్తు మన ఇంటర్ పరీక్షల హడావిడిలోనే వచ్చి వెళ్లిపోతుంది, కాలేజీలో ఎవరూ గుర్తు చేయరు, మీరే చూసుకోవాలి. అందులో సబ్జెక్టులు మనమే ఎంచుకోవాలి, ఏ కోర్సుకి ఏ పేపర్లు రాయాలో యూనివర్సిటీ ముందే చెప్తుంది, అది చూడకుండా నింపేస్తే మార్కులొచ్చినా ఆ కోర్సుకి అర్హత ఉండదు. పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు. సిలబస్ మాత్రం ఎన్‌సీఈఆర్టీ, తెలుగు అకాడమీ పుస్తకాలు మాత్రమే చదివినవాళ్లు ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి. పరీక్ష రాసి ఊరుకుంటే సరిపోదు, హెచ్‌సీయూ వాళ్ల సైట్‌లో మళ్లీ విడిగా అప్లై చేయాలి. ఈ రెండో అప్లికేషన్ ఉందని తెలియక స్కోరు చేతిలో పెట్టుకుని కూర్చున్నవాళ్ల గురించి ఆ అక్క చెప్తుంటే నాకు అప్పుడే టెన్షన్ మొదలైంది.

బీసీలకి ఇంకో ముక్క. మన బీసీ-ఏ, బీసీ-బీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు, కేంద్ర ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. పైగా రాష్ట్ర జాబితా, కేంద్ర జాబితా ఒకటి కాదు, మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. మేం మీసేవకి వెళ్లి ఇప్పటికే పెట్టుకున్నాం.

సైన్స్‌వాళ్లకే అనుకోకండి. తెలుగు, హిందీ, లాంగ్వేజ్ సైన్సెస్, ఎకనామిక్స్, హిస్టరీ, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ, ఆంత్రొపాలజీ, వీటన్నిటిలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ చూశాను. ఇంటర్‌లో సీఈసీ, హెచ్ఈసీ తీసుకుని "మనకేముంది" అనుకునేవాళ్లు ముందుగా చూడాల్సిన చోటు ఇదే అని నా అభిప్రాయం.

రేటింగ్ అంటే ఐదుకి నాలుగు ఇస్తా. తగ్గించిన ఆ ఒక్కటీ సీట్ల గురించి. ఒక్కో కోర్సులో సీట్లు పదుల్లోనే, దేశమంతా పోటీ, కాబట్టి దీని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవడానికి లేదు. నేను ఈఏపీసెట్‌కి కూడా కడుతున్నా, దోస్త్‌లో కూడా పెడతా. ఐదేళ్లు ఒకే సబ్జెక్టుతో ఉండగలనో లేదో తెలియదు అనుకునేవాళ్లు, ఇరవై రెండేళ్లకల్లా జీతం ఇంటికి రావాల్సిన వాళ్లు బాగా ఆలోచించుకుని పెట్టండి. మిగతావాళ్లు వెళ్లి చూడండి, ఆదివారం మాత్రం వద్దు, మీరు మాట్లాడాల్సినవాళ్లు ఆ రోజు క్లాసుల దగ్గర దొరకరు.